ఫొటోలు ఎక్కడ దాచాలి: బీరువాలో డిస్కా, క్లౌడా, కరీంనగర్‌లో అక్క దగ్గరా?

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే, హన్మకొండలో ముందు గది కిటికీ పక్కన ఉంటుంది. అందులో మా ఆమె బడి ప్రశ్నపత్రాలు, నా ఇన్‌కమ్‌ట్యాక్స్ లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి వీడియో, బాపు సింగరేణి కాగితాల స్కాన్లు, పదిహేనేళ్ల ఫొటోలు, అన్నీ కలిపి 400 జీబీ దాకా ఉన్నాయి. వీటికి బ్యాకప్ ఎట్లా అంటే నేను ఇప్పటికి మూడుసార్లు మాట మార్చాను. మొదటిసారి మార్చింది ఒక ఫొటో వల్ల.

2018లో మేడారం జాతరకు అవ్వను తీసుకుపోయాం. నిలువెత్తు బంగారం మొక్కు ఉంది. తక్కెడలో ఒక పక్క అవ్వ కాళ్లు ముడుచుకుని కూర్చుంది, ఇంకో పక్క బెల్లం ముద్దలు ఎక్కుతున్నాయి, చుట్టూ ఉన్నవాళ్లు ఇంకొకటి, ఇంకొకటి అంటుంటే సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, సరిగ్గా అప్పుడు నొక్కాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించి, చాలా తెలివిగా ఇంకో కాపీ కూడా పెట్టాను. ఎక్కడ? డీ డ్రైవ్‌లో.

కంప్యూటర్ కొన్నప్పుడు షాపాయన సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి ఇచ్చాడు, విండోస్ పోయినా డీలో ఉన్నవి పోవు అన్నాడు. అబద్ధం కాదు, విండోస్ పోతే నిజంగానే పోవు. డిస్కే పోతే? ఒకే పొలానికి మూడు గట్లు వేసుకున్నట్టు, పైన చెరువు తెగితే మూడు మడులూ మునగాల్సిందే. ఆ మరుసటి వానాకాలం కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చిన రాత్రి టక్... టక్... అని గడియారం లాంటి చప్పుడు మొదలైంది, పొద్దునకు డిస్క్ లేదు. హైదరాబాద్‌లో రికవరీ చేసేవాళ్లను అడిగితే ఇరవై వేల పైన అవుతుంది, వస్తాయో రావో తెరిస్తేగాని చెప్పలేం అన్నారు. అవ్వ ఫొటో ఇప్పుడు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో వచ్చిన చిన్న సైజుదే మిగిలింది. ఆమె పోయాక ఫ్రేమ్ కట్టిద్దామని పెద్దది చేయిస్తే మొహమంతా గళ్లు గళ్లు.

అందుకే డీ డ్రైవ్‌ను పోటీలోంచే తీసేస్తున్నా. పెన్‌డ్రైవ్ కూడా అంతే, అది జిరాక్స్ షాపుకు తీసుకుపోవడానికి, దాచుకోవడానికి కాదు. పైగా చాలా పెన్‌డ్రైవులు ఫ్యాట్32 ఫార్మాట్‌లో వస్తాయి, 4 జీబీ దాటిన ఫైల్ ఒక్కటి కూడా ఎక్కదు, పెళ్లి వీడియో ఎక్కించబోతే తెలుస్తుంది. రెండు డిస్కులు పెట్టి ఒకదాని ప్రతిబింబంగా ఇంకోదాన్ని నడిపించే రెయిడ్ పద్ధతి, నాస్ డబ్బాలు (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టెలు), ఇవి ఆఫీసులకూ ఫొటో స్టూడియోలకూ సరిపోతాయి. ఒక డిస్క్ చచ్చినా పని ఆగకుండా ఉండడమే వాటి గొప్ప. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది, కాబట్టి ఉత్త రెయిడ్‌ను బ్యాకప్ అనుకోవడం తప్పు.

ఇక అసలు పోటీ బయట పెట్టుకునే హార్డ్‌డిస్క్‌కూ, క్లౌడ్‌కూ, అంటే ఇంటర్నెట్ ద్వారా గూగుల్ లాంటి కంపెనీల కంప్యూటర్లలో దాచుకోవడానికీ.

డబ్బు సంగతి ముందు. 2 టీబీ డిస్క్ నేను కొన్నప్పుడు ఆరు వేల పైచిలుకు అయింది, ఒక్కసారే. గూగుల్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీ, అది కూడా జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి. 2021 జూన్ 1కి ముందు కొంచెం తగ్గించిన సైజులో ఫొటోలు ఎన్ని ఎక్కించినా లెక్కలోకి వచ్చేవి కావు, ఆ కాలం పోయింది. నేను లెక్క వేసుకున్నప్పుడు 100 జీబీకి ఏడాదికి 1,300 రూపాయలు, నా 400 జీబీ పట్టాలంటే 2 టీబీ ప్లానే తీసుకోవాలి, దానికి 6,500. అంటే ప్రతి ఏడాదీ ఒక కొత్త డిస్క్ కొన్నంత. పదేళ్లకు లెక్క వేస్తే మా ఆమె నన్ను చూసిన చూపు వేరే.

టైమ్ కూడా చూడాలి. యూఎస్‌బీ 3 తీగతో మామూలు హార్డ్‌డిస్క్‌కు సెకనుకు 100 ఎంబీ దాకా ఎక్కుతుంది, 400 జీబీకి గంటా పది నిమిషాలు, అన్నం తిని కాసేపు టీవీ చూసేలోపు అయిపోతుంది. అదే క్లౌడ్‌కు 40 ఎంబీపీఎస్ లైన్ (సెకనుకు 5 ఎంబీ) మీద ఎక్కడా ఆగకుండా పోతే 22 గంటలు. అది కాగితం మీద లెక్క. మా ఇంట్లో మధ్యలో కరెంటు పోవడం, పిల్లలు ఆన్‌లైన్ క్లాసు అని గొడవ చేయడం అన్నీ కలిసి ఐదు రోజులు పట్టింది. ఒకసారి ఎక్కాక రోజూ మారినవి మాత్రమే పోతాయి కాబట్టి తర్వాత బాధ లేదు, కానీ కంప్యూటర్ మొత్తం పోయిన రోజు ఆ 400 జీబీని వెనక్కి దింపుకోవడానికి మళ్లీ అంతే.

ఇంతవరకు డిస్కే గెలిచినట్టు ఉంది కదా. నేనూ అట్లాగే అనుకుని డిస్క్ కొని, విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఆన్ చేసి నిశ్చింతగా ఉన్నాను. గంటకోసారి మారిన ఫైళ్లను దానంతట అదే కాపీ చేస్తుంది, పాత రూపాలను కూడా ఉంచుతుంది, మంచి పనిముట్టు. కానీ అది చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి వాటిని మాత్రమే. నా ఫొటోలేమో డీ డ్రైవ్‌లో నేను చేసుకున్న ఫోల్డర్‌లో ఉన్నాయి, దాన్ని మనమే జాబితాలో చేర్చితేనే అది పట్టించుకుంటుంది, నేను చేర్చలేదు. రెండేళ్ల తర్వాత కంప్యూటర్ మార్చేటప్పుడు బ్యాకప్ తెరిస్తే ప్రశ్నపత్రాలు అన్నీ ఉన్నాయి, ఫొటో ఒక్కటి లేదు. పాత కంప్యూటర్ ఇంకా నడుస్తోంది కాబట్టి బతికిపోయాను. తప్పు డిస్క్‌ది కాదు, తెరిచి చూసుకోని నాది.

ఆ భయంతో మొత్తం క్లౌడ్‌కు మారాను. దాని సుఖం కాదనను, తీగ పెట్టాలి, డిస్క్ తీయాలి అన్న పని లేదు, ఊళ్లో ఉన్నా ఫోన్‌లో చూసుకోవచ్చు, కంప్యూటర్‌ను ఎలుక కొరికినా దొంగ ఎత్తుకుపోయినా ఫైళ్లు వేరే చోట ఉంటాయి. అయితే ఒక మెలిక ఉంది, మనం క్లౌడ్ బ్యాకప్ అంటున్నది చాలాసార్లు బ్యాకప్ కాదు, సింక్. ఇక్కడ మారిస్తే అక్కడ మారుతుంది, అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది. మా చిన్నోడు వాళ్ల అమ్మ ఫోన్‌లో జాగా లేదని, ఎండాకాలం సెలవుల్లో యాప్ తెరిచి వాడికి పనికిరానివనిపించిన ఫోల్డర్లు తీసేశాడు, అందులో ఆమె మూడేళ్ల పదో తరగతి ప్రశ్నపత్రాలు కూడా ఉన్నాయి. ఫోన్‌లోంచి పోయాయి, క్లౌడ్‌లోంచి పోయాయి, కంప్యూటర్‌లోంచీ పోయాయి. చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి, సెలవులేమో అంతకంటే ఎక్కువ. జూన్‌లో బడి తెరిచాక చూసుకుంటే బుట్ట ఖాళీ. ఆ రోజు ఇంట్లో టెన్షన్ గురించి రాయను.

ఇంకో సంగతి, అకౌంట్‌ను రెండేళ్లు ఎవరూ తెరవకపోతే గూగుల్ దాన్ని తీసేయవచ్చు, 2023లో పెట్టిన రూల్ ఇది. ఇంట్లో పెద్దవాళ్లు పోయాక వాళ్ల జీమెయిల్ ఎవరు తెరుస్తారు? ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఇన్ని నెలలు నేను కనబడకపోతే ఫలానా వాళ్లకు చెప్పు అని రాసి పెట్టుకోవచ్చు. బాపుది నేనే కూర్చుని పెట్టించాను, ఏందిరా నన్ను ఇప్పుడే పంపిస్తున్నవా అని నవ్వాడు.

సరే, డిస్క్ తెరిచి చూసుకుంటే చాలు కదా, క్లౌడ్ ఎందుకు అనేవాళ్లకు వరంగల్‌లో ఉండి జవాబు చెప్పడం తేలిక. 2020 ఆగస్టులో, 2023 జులైలో, మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకు, ఊరు ఎట్లా మునిగిందో చూశాం. నయీంనగర్, సమ్మయ్యనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు కంప్యూటర్ టేబుల్ కింద సీపీయూ, టేబుల్ సొరుగులో బ్యాకప్ డిస్క్, రెండింటికీ ఒకే నీళ్లు. పిడుగు పడ్డా అంతే, తీగ పెట్టే ఉంచితే కంప్యూటర్‌తో పాటు డిస్క్ కూడా కాలుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా వదలదు. కాబట్టి డిస్క్‌కు నా మొదటి నియమం, పని అయిపోగానే తీగ తీసి బీరువా పై అరలో పెట్టడం. ఫైల్ హిస్టరీ గంటకోసారి అన్నది ఇక కుదరదు, ఆదివారానికి ఒకసారే, ఆ నష్టం నాకు సమ్మతమే.

3-2-1 అని ఒక లెక్క ఉంది, పీటర్ క్రో అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడు: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. చదివితే పెద్ద కంపెనీల వ్యవహారంలా ఉంటుంది గానీ మన ఇళ్లకు దీన్ని దింపుకోవడం కష్టం కాదు, ఎందుకంటే మనకు అక్కచెల్లెళ్లు ఉన్నారు, పండగలు ఉన్నాయి.

నేను చేసేది ఇది. ఒకే రకం డిస్కులు రెండు. ఒకటి మా బీరువాలో, ఇంకోటి కరీంనగర్‌లో అక్క బీరువాలో. రాఖీకి అక్క వస్తుంది, దాన్ని తెస్తుంది, ఇక్కడిది పట్టుకుపోతుంది. బతుకమ్మకు మళ్లీ, సంక్రాంతికి మళ్లీ. మొదటిసారి ఇచ్చినప్పుడు, "ఇదేంది తమ్మీ, నీ డబ్బా నా బీరువాల ఎందుకు?" అంది. అవ్వ ఫొటో సంగతి చెప్పాక ఇంకేం అడగలేదు, పట్టుచీరల మడతల మధ్య పెట్టుకుంది. పోయిన సంక్రాంతికి సకినాల డబ్బాతో ఒకే సంచిలో తెచ్చింది, డిస్క్ కవర్‌కు నూనె వాసన ఇంకా పోలేదు.

ఇక్కడ ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగేదేమీ లేకుండా చిప్‌ల మీద దాచే డిస్క్, కొనొచ్చు కదా అని అడుగుతారు. సన్నగా ఉంటుంది, వేగం ఎక్కువ, కింద పడినా తట్టుకుంటుంది. రోజూ సంచిలో వేసుకుని తిరిగేవాళ్లకు అదే మేలు. కానీ నాకు అదే డబ్బుకు సగం సైజే వచ్చింది, పైగా కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేసి ఉంచడానికి అది సరైన వస్తువు కాదు, చెడిపోతే టక్ అనే చప్పుడు కూడా లేకుండా పోతుంది. హార్డ్‌డిస్క్‌కు ఎక్కువ ప్రమాదం తిరుగుతున్నప్పుడు పడితే, ఆగి ఉన్నదాన్ని తువ్వాలలో చుట్టి ఎక్స్‌ప్రెస్ బస్సులో 70 కిలోమీటర్లు పంపితే ఏమీ కాలేదు, ఇప్పటివరకు.

క్లౌడ్‌ను పూర్తిగా వదల్లేదు. మళ్లీ తయారు చేసుకోలేనివీ, ఈ రోజు పోతే రేపే ఇబ్బంది పెట్టేవీ మాత్రమే అక్కడ: ప్రశ్నపత్రాలు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల స్కాన్లు, ఏరి పెట్టుకున్న ఓ రెండు వేల ఫొటోలు. 100 జీబీలో హాయిగా పడతాయి, ఏడాదికి 1,300 పెద్ద లెక్క కాదు. పెళ్లి వీడియో క్లౌడ్‌కు ఎందుకు, పదేళ్లలో రెండుసార్లు చూశాం, అందులో ఒకసారి మా బావమరిది లడ్డూలు దాచుకునే సీను కోసం.

మీ దగ్గర ఉన్నది పదిహేను జీబీ లోపే అయితే, కాలేజీ పిల్లల ల్యాప్‌టాప్ లాంటిది, ఉచిత క్లౌడ్ ఒకటీ, నెలకోసారి డిస్క్‌లోకో మంచి పెన్‌డ్రైవ్‌లోకో కాపీ ఒకటీ, అంతకు మించి ఆలోచించకండి. ఫొటోలు తీయడమే బతుకుదెరువు అయితే నేను చెప్పింది సరిపోదు, మీకు నాస్ కావాలి, దాని పైన ఇంకో బ్యాకప్ కూడా కావాలి. మధ్యలో ఉన్న మాలాంటి ఇళ్లకు రెండు డిస్కులే నా ఓటు, చిన్న క్లౌడ్ దానికి తోడు. ఒక్కటే కొనగలం అంటే డిస్క్ కొనండి, అక్క ఇంటికి పంపండి, ఇంట్లో ఉచిత క్లౌడ్‌తో సర్దుకోండి.

అక్క డిస్క్ వచ్చినప్పుడల్లా నేను చేసే పని ఒకటుంది, కొత్తవి ఎక్కించే ముందు ఏవో పది ఫైళ్లు తెరిచి చూస్తాను. పేర్లు కనబడితే సరిపోదు, వీడియో మధ్యలోకి జరిపి ఆడుతుందా అని కూడా చూడాలి. పోయిన రాఖీకి అట్లా చూస్తుంటే బాపు వచ్చి వెనక నిలబడ్డాడు. డిస్క్‌కు వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసి ఉంది, బస్సులో పోయే వస్తువు కదా, అందులో పాన్ కార్డుల స్కాన్లు కూడా ఉన్నాయి. పాస్‌వర్డ్ కొడుతుంటే, ఇది నీకు ఒక్కనికే తెలుసా అన్నాడు. అవును అన్నాను. ఆయన లోపలికి పోయి కరెంటు బిల్లులు, రేషన్ కార్డు పెట్టుకునే పాత డైరీ తెచ్చి, చివరి పేజీ తీసి, పెన్ను నా చేతికిచ్చాడు.