కారులో వాన నీళ్లు: మూడు వానాకాలాలు వాడి చూశాక

మా కారు 2017 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఉప్పల్‌లో మేముండే అపార్ట్‌మెంటులో నా వంతుకి సెల్లార్ పార్కింగ్ రాలేదు. గేటు బయట కానుగ చెట్టు కింద పెడుతుంటాను. ఎండాకాలం ఆ నీడకి మురిసిపోయేవాణ్ని. 2022 జులైలో వారం రోజులు విడవకుండా ముసురు పట్టింది కదా, ఆ వారం కారు తీయలేదు. తీసిన రోజు మా ఆవిడ ఎడమ సీట్లో కూర్చుని, "ఇక్కడంతా తడిగా ఉందేంటండీ, బాటిల్ ఒలికిందా?" అంది. మ్యాట్ ఎత్తి కార్పెట్ మీద వేలితో నొక్కితే బుడబుడమని నీళ్లు పైకొచ్చాయి.

ఆ రోజు నేను చేసిన తప్పు, పైపైన తుడిచి ఊరుకోవడం. పాత పేపర్లు పరిచి, తలుపులు తీసి రెండు రోజులు ఎండలో పెట్టాను. చేత్తో తడిమితే ఆరినట్టే ఉంది. పది రోజులకి ముక్కిన బియ్యం వాసన మొదలైంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఉదయం చూస్తే అద్దాలకి లోపలి వైపు ఆవిరి.

అప్పుడు మొదలైంది ఖర్చు. ముందు పెర్‌ఫ్యూమ్ డబ్బా కొన్నాను. ముక్కిన వాసనకి నిమ్మ వాసన తోడైంది, అంతే. ఎవరో చెప్తే గిన్నెలో కాఫీ పొడి పెట్టాను, ఇంకెవరో చెప్తే కార్పెట్ మీద వంటసోడా చల్లాను. సోడా తడికి గడ్డకట్టి, గీరి తీయడానికి ఒక ఆదివారం పోయింది. ఆ తర్వాత 1,800 పెట్టి ఇంటీరియర్ ఫోమ్ వాష్ చేయించాను. చేసిన కుర్రాడిది తప్పేం లేదు, సీట్లు తళతళలాడించాడు. కానీ అసలే తడిసి ఉన్న కార్పెట్ మీద మళ్లీ నీళ్లూ నురగా పోయడమంటే ఏంటో నాకే తట్టలేదు. వారానికి వాసన రెట్టింపైంది.

దారికి తెచ్చింది సీటు కవర్లు కుట్టే షాపతను. కారెక్కి ఒకసారి గాలి పీల్చి, "పైన తుడిస్తే ఏమొస్తది సార్, కింద బొంత ఉంటది. తడిసింది అది" అన్నాడు. కార్పెట్ కింద చప్పుడు రాకుండా వేసే మందపాటి పొరని వాళ్లు బొంత అంటారు. పైన కార్పెట్ ఆరినా ఇది నెలల తరబడి నీళ్లు పట్టుకునే ఉంటుంది. వాసనకీ, అద్దాల ఆవిరికీ, నేల రేకు తుప్పుకీ మూలం అదే.

3,500కి మాట్లాడుకుని ముందు సీట్లు రెండూ విప్పించాను. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, సీటు బెల్టువి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కాసేపు ఆగి, అప్పుడే వాటిని ఊడదీయాలి. తొందరపడి ఇగ్నిషన్ ఆన్‌లో తీస్తే డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది, దాన్ని ఆర్పడానికి మళ్లీ స్కానర్ ఉన్నవాడి దగ్గరికి వెళ్లాలి. కార్పెట్ మడిచి బొంత లాగితే, ఇద్దరం కలిసి పిండినప్పుడు సగం బకెట్ నీళ్లొచ్చాయి. వానకి తడిసి అప్పటికి రెండు నెలలు! నేల రేకు మీద సీటు బిగించే చోట తుప్పు ఎర్రగా మొదలైంది. గీకి, ప్రైమర్ కొట్టాడు. బొంత మూడు రోజులు మా టెర్రస్ మీద ఆరింది.

అయితే నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో తేలకుండా కార్పెట్ వేయొద్దన్నాడతను. ఆ ఒక్క మాటకే 3,500 ఇవ్వొచ్చు. గ్లవ్ బాక్స్ విప్పి, నేను టార్చి పట్టుకుని లోపల వంగున్నాను. అతను అద్దం కింద, వైపర్ల దగ్గర చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోశాడు. నాలుగో చెంబుకి, ఏసీ గాలి తోసే బ్లోవర్ పక్కనుంచి సన్నటి ధార దిగింది. వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ ఎత్తితే కథంతా అక్కడుంది. కానుగ పూలు, ఆకులు కుళ్లి నల్లటి ఎరువైపోయాయి. నీళ్లు పోయే రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. అక్కడ నిండిన నీళ్లు, బయటి గాలి లోపలికొచ్చే దారిలోంచి బ్లోవర్‌లోకి, అక్కణ్నుంచి ఎడమ వైపు కాళ్ల దగ్గరికి. లోపలికొచ్చే గాలిని వడపోసే క్యాబిన్ ఫిల్టర్ నానిన అట్టముక్కలా చేతికొచ్చింది.

ఎడమ వైపు తడి కనిపిస్తే వాన నీళ్లేనని వెంటనే అనుకోవద్దు. వాన లేని రోజున, ఏసీ వేసి తిరిగాక మాత్రమే తడుస్తుంటే ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయినట్టు. అది చిన్న పని. సన్‌రూఫ్ ఉన్నవాళ్లు దాని మూలల్లో ఉండే డ్రెయిన్ గొట్టాలు చూసుకోవాలి. డిక్కీలో తడుంటే స్టెప్నీ తీసి కింద గుంట చూడండి, వెనక లైట్ల రబ్బరు దగ్గర్నుంచి దిగుతుంటుంది.

ఇప్పుడు మూడు వానాకాలాలు వాడిన సామాన్ల సంగతి. తడి, పొడి రెండూ లాగే వాక్యూమ్ క్లీనర్ 5,000 దాకా పెట్టి కొన్నాను. తడిసిన మొదటి గంటలో దానికి మించింది లేదు, కార్పెట్ మీద మోకాలు వేసి నొక్కుతూ లాగితే నీళ్లు బాగా వస్తాయి. కానీ బొంతలో ఉన్నది పూర్తిగా లాగలేదు. చప్పుడు మాత్రం వీధంతా వినిపిస్తుంది. అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇంట్లో ఉన్న పెడస్టల్ ఫ్యాన్. తలుపులు తీసి, కార్పెట్ అంచు కర్రముక్కతో ఎత్తిపెట్టి, రాత్రంతా ఫ్యాన్ తిప్పితే ఎండకన్నా నయం. ఎక్స్‌టెన్షన్ వైరు మెయింటెనెన్స్ మీటరుకి పెట్టానని వాచ్‌మన్ సెక్రటరీకి చెప్పాడు, అది వేరే సంగతి.

తేమ పీల్చే డబ్బాలు, అంటే తెల్ల గుళికలు కరిగి అడుగున నీళ్లు చేరేవి, ఇళ్లలో బీరువాలకి సరే. కారులో వద్దు. స్పీడ్ బ్రేకర్ దగ్గర నాది బోర్లాపడింది. ఆ ఉప్పు నీళ్లు ఎంతకీ ఆరవు, జిగట. పైగా ఇనుముకి శత్రువు. సిలికా జెల్ సంచులు ఫర్వాలేదు, చలికాలం అద్దాల ఆవిరి తగ్గింది. కానీ ఎండబెడుతూ ఉండాలి, నేను నెలలో ఒకసారైనా మర్చిపోతాను. నేలంతా కప్పేసే 7డి మ్యాట్లు తీసి పారేశాను. కింద నీళ్లున్నా పైకి తెలియనివ్వవు. మామూలు రబ్బరు మ్యాట్లే మంచివి, ఎత్తి చూడొచ్చు.

అంతా బాగైపోయిందని చెప్పను. ఎండబెట్టిన బొంత తొలి వానకి మళ్లీ కాస్త వాసనొచ్చేది. 2024లో ఎడమ సగం తీసేయించి కొత్తది వేయించాను. వాసన పోయింది, కానీ లోకల్ ముక్క పల్చన కాబట్టి కార్పెట్ అక్కడ కొంచెం పల్లంగా ఉంటుంది. ఎడమ సీటు ముందుకీ వెనక్కీ జరపాలంటే పట్టాలు ఇప్పటికీ మొరాయిస్తాయి, గ్రీజు పెడుతూ ఉంటాను.

ఇన్సూరెన్స్ నాకు రాలేదు. డ్రెయిన్ మూసుకుపోవడం మెయింటెనెన్స్ కిందికొస్తుంది అన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా బావమరిది కారు డాష్‌బోర్డు దాకా మునిగింది, అతనికి వచ్చింది. వరద వేరు, లీకేజీ వేరు. అతను చేసిన మంచి పని, వరద తగ్గాక కారు స్టార్ట్ చేయకుండా ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేయడం. నీళ్లు చేరిన ఇంజిన్‌ని తిప్పితే లోపల రాడ్లు వంగుతాయి. ఆ నష్టానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే డబ్బు రావడం కష్టం.

ఇప్పుడు జూన్ రాకముందే, ఆ తర్వాత వానలు ఆగేదాకా నెలకోసారి, బానెట్ తీసి జాలీ కింద చెయ్యి పెడతాను. ఈ ఏడాది మొదటిసారికే రెండు గుప్పిళ్ల పూలొచ్చాయి. పది నిమిషాల పని, ఖర్చు సున్నా.

పోయిన నెల కారు అమ్ముదామని ఒకతన్ని పిలిచాను. రాగానే ఎడమ మ్యాట్ ఎత్తి వేలితో నొక్కాడు. పొడిగానే ఉంది. తర్వాత సీటు పట్టాల కింద టార్చి కొట్టి, తుప్పు చూసి, పదిహేను వేలు తగ్గించమన్నాడు. ఇవ్వలేదు. కారు ఇంకా కానుగ చెట్టు కిందే ఉంది.