పోట్స్‌డామ్‌లో మూడు రాత్రులు: ఒక పోపు, ఒక కోచ్

బెర్లిన్ నుంచి పోట్స్‌డామ్ వెళ్ళేవాళ్ళు టికెట్ తీసేటప్పుడు దాని మీద జోన్లు ఏబీసీ అని ఉందో లేదో చూసుకోండి. ఏబీ అని ఉంటే ఎక్కకండి. ఆ ఒక్క అక్షరానికి మేం 120 యూరోలు కట్టాం.

తప్పు మావాడిది, అంటే మా అబ్బాయిది. వాడు బెర్లిన్‌లోనే ఉద్యోగం చేస్తున్నాడు, నెలకి 58 యూరోల (2025 ధర) పాసు ఉంది. దాంతో దేశమంతా లోకల్ రైళ్ళూ బస్సులూ ఎక్కొచ్చు కాబట్టి జోన్ల సంగతే వాడికి గుర్తులేదు. మా ఇద్దరికీ 3.80 చొప్పున ఏబీ టికెట్లు తీశాడు. ఏబీసీ అయితే అప్పుడు 4.70. మనిషికి 90 సెంట్ల తేడా. వాన్‌జే స్టేషన్ దాటగానే సీ జోన్ మొదలవుతుందట. అది దాటిన రెండు నిమిషాలకి, అప్పటిదాకా మా ఎదురుగా కూర్చుని ఫోన్ చూసుకుంటున్న గళ్ళ చొక్కా మనిషి లేచి మెడలో కార్డు చూపించాడు. పెద్దవాళ్ళు, ఊరికి కొత్త, పొరపాటైందని మావాడు ఎంత చెప్పినా వినలేదు. మనిషికి 60. మా ఆయన దాన్ని రూపాయల్లోకి మార్చి, పన్నెండు వేలని నిట్టూర్చి, ఇక ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. ఎందుకంటే పోట్స్‌డామ్ ప్రయాణం నా పట్టుదల.

నేను ముప్పయ్యొక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా చేశాను. పిల్లలకి డ్రిల్లు టీచర్‌ని. ఒకసారి ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలతో ఫుట్‌బాల్ టీమ్ కట్టబోయాను. "ఖోఖో ఉంది కదమ్మా, ఇదెందుకు" అన్నారు హెడ్మాస్టరు గారు. ఒక్క బంతితో రెండేళ్ళు నడిపాను. బంతి పోయింది, టీమూ పోయింది. అందుకని ఒకే ఊళ్ళో, ఒకే ఆడవాళ్ళ టీముతో నలభై అయిదేళ్ళు ఉన్న కోచ్ ఒకాయన ఉన్నాడని, ఆయన అసలు వృత్తి కోచింగ్ కాదని చదివిన దగ్గర్నుంచీ ఆ గ్రౌండు చూడాలని ఉండేది. ఆయన పేరు బెర్న్‌ట్ ష్రోడర్. ఊరు పోట్స్‌డామ్, టీము టర్బీనె.

ఇక బస. ఫోటోల్లో తెల్లటి కర్టెన్లు, కిటికీలో పూలకుండీ. రాత్రికి 78 యూరోలు, మూడు రాత్రులకి 234. నాలుగో అంతస్తు. లిఫ్టు లేదన్న ముక్క ఆ పేజీలో ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉందని తర్వాత తెలిసింది. తాళంచెవి గుమ్మం పక్కన చిన్న పెట్టెలో పెడతారు, దాని నంబరు మనకి మెసేజ్‌లో రావాలి. రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. గంటా నలభై నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాం. మా ఆయన సూట్‌కేసు మీద కూర్చుని, వీధిలో వెళ్ళే సైకిళ్ళు లెక్కపెట్టారు. రెండు వందల పద్నాలుగు దగ్గర నంబరు వచ్చింది.

లోపల అన్నీ బాగానే ఉన్నాయి, దుప్పట్లు తప్ప. మంచాల మీద ఉత్త పరుపులు. దుప్పటి, దిండు గలీబు కావాలంటే మనిషికి 12 యూరోలు వేరే. శుభ్రం చేసినందుకు 55 వేరే. ఇవన్నీ బుక్ చేశాక వచ్చిన రెండో మెయిల్లో ఉన్నాయి. ముగ్గురికి లెక్కేస్తే 234 కాస్తా 325 అయింది. మీరు వెళ్తే ముందు అడగాల్సినవి ఇవే: దుప్పట్లు కలిపా, క్లీనింగ్ కలిపా, లిఫ్టు ఉందా. పూలకుండీ ఎవరిక్కావాలి?

ఆ రాత్రి హోటల్‌కి వెళ్ళే ఓపిక లేక చింతపండు గుజ్జు సీసా తీసి పులిహోర కలుపుదామనుకున్నాను. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి వేశాను. అంతే, నెత్తిమీద ఏదో అరవడం మొదలుపెట్టింది. పొగ అలారం. అది మామూలు అరుపు కాదు, పళ్ళు జివ్వుమనే అరుపు. మావాడు కుర్చీ ఎక్కి బటన్ నొక్కుతున్నాడు, ఆగడం లేదు. మా ఆయన తువ్వాలు విసురుతున్నారు. నేను స్టవ్ ఆపి, కరివేపాకు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను.

తలుపు తట్టారు. ఎదురింటి ఆవిడ, డెబ్బై దాటి ఉంటాయి, నైటు గౌను మీద స్వెటర్, చేతిలో చీపురు కర్ర. దెబ్బలాటకే వచ్చిందనుకున్నాను. ఆవిడ ఏం మాట్లాడకుండా లోపలికొచ్చి, కిటికీలు రెండూ బార్లా తెరిచి, కర్ర చివరతో ఆ డబ్బా మధ్యలో గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆగింది. తర్వాత మిర్చి ఘాటుకి వరసగా ఆరు తుమ్ములు తుమ్మి, అప్పుడు గుడ్ ఈవినింగ్ చెప్పింది.

క్షమించమని మావాడు జర్మన్‌లో బతిమాలుకుంటూ, మా అమ్మ టర్బీనె స్టేడియం చూడ్డానికి వచ్చిందని కూడా చెప్పాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, వెళ్ళి, నీలం తెలుపు మఫ్లర్ ఒకటి తెచ్చింది. అంచులు పీచులు లేచిపోయాయి. ఏళ్ళ తరబడి మ్యాచ్‌లకి వెళ్ళిందట. గిన్నె పక్కన పెట్టి ఇద్దరం కూర్చున్నాం. మధ్యలో మావాడు దుబాసీ. నేను చదివింది సగం, ఆవిడ చెప్పింది సగం కలిపితే కథ ఇదీ.

తూర్పు జర్మనీలో ఆటల క్లబ్బులు పరిశ్రమల వెనకాల ఉండేవి. రైల్వే వాళ్ళదైతే లోకోమోటివ్ అనీ, రసాయనాల వాళ్ళదైతే కెమీ అనీ, కరెంటు వాళ్ళదైతే టర్బీనె అనీ పేర్లు. 1971 కొత్త సంవత్సరం రోజుల్లో పోట్స్‌డామ్ కరెంటు వాళ్ళ క్లబ్బులో ఒక కాగితం కనిపించింది: ఆడవాళ్ళ ఫుట్‌బాల్ టీమ్ పెడుతున్నాం, పేర్లివ్వండి. మార్చి 3న టీమ్ తయారైంది. కోచ్ కావాలి. ఆ సంస్థలో పనిచేసే 28 ఏళ్ళ ఇంజనీరు ష్రోడర్ ఆ పని నెత్తిన వేసుకున్నాడు. ఆయన అంతకుముందు గోల్‌కీపర్‌గా ఆడినవాడు.

పశ్చిమ జర్మనీలో 1955లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌ని నిషేధించారు, 1970 అక్టోబర్‌లో ఎత్తేశారు. తూర్పున నిషేధం లేదు, పట్టించుకునే నాథుడూ లేడు. ఒలింపిక్స్‌లో లేని ఆట కాబట్టి పతకం రాదు, పతకం రాని ఆటకి పైసా రాదు. ఈ లెక్క నాకు బాగా తెలుసు, మా డివిజన్ ఆఫీసులోనూ ఇదే నడిచేది. 1979లో దేశవ్యాప్త పోటీ మొదలుపెట్టి కూడా దానికి చాంపియన్‌షిప్ అని పేరు పెట్టడానికి మనసొప్పలేదు. ఉత్తమ జట్టు ఎంపిక అన్నారు. ఆ ఎంపికలో టర్బీనె 1981, 82, 83, 85, 86, 89ల్లో నెగ్గింది.

తూర్పు జర్మనీ ఆడవాళ్ళ జాతీయ జట్టు చరిత్ర మొత్తం ఒక్క మ్యాచ్. 1990 మే 9న పోట్స్‌డామ్‌లోనే చెకోస్లొవాకియాతో ఆడి 0-3తో ఓడింది. దానికీ కోచ్ ష్రోడరే. అక్టోబర్‌కి దేశమే లేదు. నాకు ఇక్కడే గొంతు పట్టేసింది. ఇరవై ఏళ్ళు ఎదురుచూస్తే ఒక్క మ్యాచ్, దాని తర్వాత జెర్సీ మీది పేరుకి అర్థం లేదు.

దేశాలు కలిశాక తూర్పు క్లబ్బులు చాలావరకు చితికిపోయాయి. టర్బీనె 1994లో జర్మనీ పై లీగ్ అయిన బుండెస్‌లీగాకి ఎక్కింది. అయిదేళ్ళు మేనేజర్‌గా వెనకుండి నడిపిన ష్రోడర్ 1997లో మళ్ళీ కోచ్‌గా దిగాడు. అప్పట్లో రాజ్యం ఫ్రాంక్‌ఫర్ట్‌ది. 2004లో టర్బీనె వాళ్ళు ఆ ఊరు వెళ్ళి 7-2తో కొట్టారు, ఆ ఏడాది లీగూ గెలిచారు. ఏడు అని ఎదురింటావిడ వేళ్ళు చూపించింది, మళ్ళీ నేను మర్చిపోతానేమో అన్నట్టు ఇంకోసారి చూపించింది. తూర్పు నుంచి బుండెస్‌లీగా గెలిచిన మొదటి క్లబ్బు అదే, మగవాళ్ళలో ఇప్పటికీ ఎవరూ లేరు. 2005లో యూరప్ కప్పు. 2006లో లీగ్. 2009 నుంచి 2012 దాకా వరసగా నాలుగు లీగ్‌లు.

2010లో స్పెయిన్‌లోని హెతాఫేలో చాంపియన్స్ లీగ్ ఫైనల్, ఎదుట ఫ్రాన్స్ క్లబ్బు లియోన్. 0-0, పెనాల్టీలు. టర్బీనె గోల్‌కీపర్ జార్‌హోల్ట్స్‌కి పదిహేడేళ్ళు. పెనాల్టీలు ఆపింది, తనూ ఒకటి కొట్టింది. 7-6. మా స్కూల్లో గోల్‌కీపర్‌గా నిలబడమంటే పిల్లలు ఏడ్చేవాళ్ళు, అందుకే ఈ ముక్క రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆ జట్టులోనే ఉన్న మారీ-లూయిజ్ ఎటా 2023 నవంబర్‌లో ఉనియోన్ బెర్లిన్ మగవాళ్ళ జట్టుకి అసిస్టెంట్ కోచ్ అయింది. మగవాళ్ళ బుండెస్‌లీగాలో ఆ స్థానంలోకి వచ్చిన మొదటి ఆడమనిషి.

ష్రోడర్ కఠినమైన మనిషి, పాతకాలపు పద్ధతి, పరుగులు పెట్టించి ప్రాణం తీస్తాడని పేరు. నేనూ రౌండ్లు కొట్టించినదాన్నే కాబట్టి తీర్పు చెప్పను. 2016లో తప్పుకున్నాడు. అప్పటికే కార్ల కంపెనీ అండ ఉన్న వోల్ఫ్స్‌బుర్గ్, డబ్బున్న బాయెర్న్ ముందుకెళ్ళిపోయాయి. టర్బీనె 2023లో కింది లీగ్‌కి పడింది, 2024లో లేచింది, 2025లో మళ్ళీ పడింది. ఈసారి 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క పాయింటు. ఆ సీజన్ గురించి అడిగితే ఆవిడ మఫ్లర్ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది, ఏమీ చెప్పలేదు.

మర్నాడు ఆ స్టేడియం ఉన్న బాబెల్స్‌బెర్గ్ పేటకి వెళ్ళాం. మేం వెళ్ళింది జూన్, లీగ్‌కి సెలవులు, మ్యాచ్ లేదని తెలిసే వెళ్ళాం. ఇలాంటి వాటికి మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు: "తాళమేసిన గ్రౌండు చూడ్డానికి పన్నెండు వేలా" అని దారంతా సణుగుడు. కానీ దారిలో వేబర్‌ప్లాట్స్ అనే కూడలి వచ్చింది. చుట్టూ చిట్టిపొట్టి ఇళ్ళు, ఒకే ఎత్తున వాలు కప్పులు. 1751లో ఈ ప్రాంతపు రాజు ఫ్రెడరిక్ బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) నుంచి నేతపనివాళ్ళని పిలిపించి కట్టించిన కాలనీ. ఒక్కో ఇంట్లో రెండేసి కుటుంబాలు. మా ఆయనది మంగళగిరి, మామగారు మగ్గం మీద బతికిన మనిషి. ఒక ఇంటి కిటికీ ముందు ఆగి, "మగ్గం ఇక్కడ వేసుంటారు, వెలుతురు ఇటు నుంచే" అన్నారు. రెండు రోజుల్లో ఆయన నాతో అన్న మొదటి మంచిమాట. అక్కడే అరగంట తిరిగారు. గైడుబుక్కుల్లో ఈ చోటికి రెండు లైన్లు కూడా ఇవ్వరు, నన్నడిగితే రాజభవనం కన్నా ముందు దీన్ని చూడండి. ఖర్చు సున్నా.

అక్కణ్ణుంచి నడిచి కార్ల్ లీబ్‌క్నెష్ట్ స్టేడియం. ఊరివాళ్ళు ముద్దుగా కార్లీ అంటారు. గేటుకి తాళమే. పక్కన కంచె దగ్గర నిలబడితే గడ్డి, ఒక గోల్ పోస్టు, మెట్ల గట్టు కనిపిస్తాయి. పదివేల మంది పట్టే మామూలు గ్రౌండు. లైట్ల స్తంభాలు మాత్రం విచిత్రం. రాజుల పార్కుల నుంచి చూసేవాళ్ళ కంటికి అడ్డం రాకూడదని మడిచే ఏర్పాటు చేశారు. మోచెయ్యి మడిచినట్టు వంగుతాయి. మావాడు ఫోటోలు తీశాడు. నేను గోల్ పోస్టు కింద చూశాను. గోల్‌కీపర్ నిలబడి నిలబడి గడ్డి పోయి, బోడిగా, చెప్పు ఆకారంలో రెండు మచ్చలు. మా స్కూల్ గ్రౌండులోనూ సరిగ్గా అలాగే ఉండేది. పావుగంట చాలనుకున్నది గంట పట్టింది, మా ఆయన ఒక్కసారి కూడా టైము చూడలేదు.

ఆ రాజభవనం ఉన్న సాన్‌సూసి పార్కు బాగుంది, ప్రవేశం ఉచితం. ఫ్రెడరిక్ సమాధి మీద జనం బంగాళాదుంపలు పెట్టి వెళ్తారు, అది చూడండి. భవనం లోపలికి మేం వెళ్ళలేదు.

భోజనం గురించి ఒక మాట. జూన్ 24 దాకా అక్కడ తెల్ల ఆస్పరాగస్ సీజన్. దగ్గర్లోని బేలిట్స్ దానికి పేరు. ఒక ప్లేటు 18.50. తెల్లగా, వేళ్ళంత లావు కాడలు, పైన వెన్న సాసు, పక్కన ఉడికిన బంగాళాదుంపలు. మావాడు దాన్ని ఆకాశానికెత్తేశాడు. నాకు ఉప్పు కారం లేని ములక్కాడ నమిలినట్టుంది, కాకపోతే పీచు లేదు. మా ఆయన సంచీలోంచి కారప్పొడి పొట్లం తీశారు. వెయిటర్ అమ్మాయి చూసి తనకీ కొంచెం కావాలని అరచెయ్యి చాపింది.

ఆదివారం ఖాళీ చేశాం. సోమవారం మెయిలొచ్చింది: ఇంట్లో మసాలా వాసన, గది గాలి మార్పించడానికి డిపాజిట్‌లో 60 యూరోలు పట్టుకుంటున్నాం. పోపుకి అరవై! రైలు జరిమానాకి కూడా నాకంత కోపం రాలేదు. మావాడు వాదించాడు. ఎదురింటావిడ కూడా వాళ్ళకి ఉత్తరం రాసిందట, ఆ రాత్రే కిటికీలన్నీ తెరిచానని, మర్నాటికి మెట్ల మీద వాసనే లేదని. నలభై వెనక్కొచ్చాయి. మిగతా ఇరవై కోసం ఇంకా మెయిళ్ళు నడుస్తున్నాయి.