ఒక యాంప్లిఫయర్ కోసం నాలుగు మజిలీలు

పాత యాంప్లిఫయర్ మీద నా ఫిర్యాదు చిన్నదే. రాత్రిపూట తక్కువ శబ్దంతో వింటే ముద్దుగా పాడేది. కాస్త పెంచి, వాద్యబృందం మొత్తం ఒక్కసారిగా అందుకునే చోటికి వచ్చేసరికి మాత్రం ఎవరో గొంతు పిసికినట్టు అయ్యేది. వయొలిన్లు గరుకెక్కేవి. డ్రమ్ము దెబ్బ పడాల్సిన చోట అట్టపెట్టె మీద కొట్టిన చప్పుడు వినిపించేది. స్పీకర్ల మీద నాకు నమ్మకం ఉంది కాబట్టి నేరం యాంప్లిఫయర్‌దేనని తేల్చేశాను. అది ఛానెల్‌కు 40 వాట్లది. వంద వాట్లది తెచ్చుకుంటే పీడ పోతుందనుకుని బయలుదేరాను. ఒక వారాంతంలో ముగుస్తుందనుకున్న పని నాలుగు మజిలీలు తిప్పి, రెండు నెలలు తినేసింది.

మొదటి మజిలీ ఒక పెద్ద విక్రయశాలలోని శ్రవణ గది. గోడలకు దళసరి తెరలు, నేలంతా తివాచీ, మధ్యలో మెత్తటి సోఫా. తలుపు వేయగానే బయటి లోకం ఆగిపోయినట్టు ఉంటుంది. అలాంటి గదిలో ఏది పెట్టినా బాగానే పాడుతుంది, చిక్కంతా అక్కడే. మా గదిలో ఒక వైపు నిలువెత్తు కిటికీ అద్దం, ఇంకో వైపు ఇనుప బీరువా. పైగా అక్కడి స్పీకర్లు నావి కావు. ఇంకెవరి స్పీకర్లతోనో, ఇంకెవరి గదిలోనో విని, నా ఇంటికి యాంప్లిఫయర్ ఎంచుకోవాలన్నమాట.

అక్కడి ఉద్యోగి చాలా మర్యాదస్తుడు. "మీరు తొందరపడకండి సార్, ఎంతసేపైనా వినండి" అన్నాడు, అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. రెండు యాంప్లిఫయర్లు ఒక మీటకు కలిపి ఉన్నాయి. మొదటిది పాడుతుండగా రెండోదానికి మార్చాడు. ముఖం మీద కప్పిన గుడ్డ ఎవరో లాగేసినట్టు అయింది! మంద్రం నిండుగా, గాయని గొంతు రెండడుగులు ముందుకు వచ్చి నిలబడినట్టు. డబ్బు తీయడమే తరువాయి. ఎందుకో అనుమానం వచ్చి ఫోనులో శబ్దం కొలిచే సాధనం తెరిచి చూశాను. రెండోది మొదటిదానికంటే 3 డెసిబెల్స్ పెద్దగా పాడుతోంది. కిటుకు లేదు, మోసమూ లేదు. ఒక యాంప్లిఫయర్ వర్ధనం (గెయిన్, అంటే వచ్చిన సంకేతాన్ని ఎంత పెంచుతుందో ఆ కొలత) 26 డెసిబెల్స్, మరోదానిది 29. రెండింటి వాల్యూమ్ ఒకే చోట పెడితే రెండోది ఆ మేరకు బిగ్గరగా పాడక తప్పదు.

బిగ్గరగా ఉన్నదాన్ని చెవి "బిగ్గరగా ఉంది" అనదు, "బాగుంది" అంటుంది. శబ్దం తగ్గే కొద్దీ మన చెవికి మంద్రం మరింత తక్కువగా అందుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. శబ్దం కాస్త పెరిగితే చాలు, మంద్రం తనంతట తానే నిండుతుంది. రెండోదాన్ని 3 డెసిబెల్స్ తగ్గించమని అడిగాను. తగ్గించాడు. గుడ్డ మళ్లీ కప్పేసినట్టు ఏమీ కాలేదు గానీ, ఏది ఏదో చెప్పమంటే నేను చెప్పలేకపోయేవాణ్ని. ఉద్యోగి చిరునవ్వు మాత్రం కొంచెం బిగుసుకుంది. ఇంటికి తీసుకెళ్లి విని చూడవచ్చా అంటే, పెట్టె సీలు విప్పితే వెనక్కి తీసుకోబోమన్నారు. సోఫాకు నూటికి నూరు మార్కులు. నాకు ఉపయోగపడింది ఫోనులో కనబడిన ఆ అంకె ఒక్కటే.

ఆ అంకె పుణ్యమా అని ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్. శబ్దం రెట్టింపయినట్టు చెవికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల వాట్లు. 40 నుంచి 100కు వెళితే నాకు దక్కేది 4 డెసిబెల్స్. నేను కలగన్న దానికి ఇది చాలా తక్కువ. ఇక పెట్టెల మీద అచ్చువేసే వాట్ల సంగతి నేతిబీర చందమే. క్షణకాలపు గరిష్ఠాన్ని, అన్ని ఛానెళ్లనూ కలిపిన మొత్తాన్ని, శబ్దం ఎంత చెడిన (వక్రీకరణ) దగ్గర కొలిచారో చెప్పని అంకెను కూడా వాట్లనే పిలుస్తారు. ఈ గారడీ మితిమీరబట్టే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ప్రత్యేకంగా ఒక నిబంధన తెచ్చి, నిరంతరంగా ఇవ్వగల శక్తినే ప్రకటించాలని కట్టడి చేయాల్సి వచ్చింది.

రెండో మజిలీ పాత సామాను అమ్మే చోటు. దీని గురించి ఎక్కువ రాయను, అక్కడ నేను కొనడానికి వెళ్లానో పాత జ్ఞాపకాలు తడుముకోవడానికి వెళ్లానో నాకే తెలియదు. నేల నుంచి కప్పు దాకా యాంప్లిఫయర్లు. వెండి రంగు ముఖాలు, చేతికి బరువుగా తిరిగే గుండ్రటి మీటలు, వేడెక్కిన దుమ్ము వాసన. 1978లో వచ్చిన ఎన్‌ఏడీ 3020 ఒకటి కనబడింది. ఛానెల్‌కు 20 వాట్లేనని కాగితం మీద రాసుకుని, మొండి స్పీకర్లను కూడా నడిపించి పేరు తెచ్చుకున్న బుడతడు అది. వాల్యూమ్ తిప్పితే బరబరమంది, ఎడమ ఛానెల్ కాసేపు పలికి కాసేపు మానేసింది. యజమాని పై మూత తీసి చూపించాడు. కరెంటును నిల్వచేసే పెద్ద కెపాసిటర్లలో ఒకదాని నెత్తి ఉబ్బి ఉంది. అంత వయసు వచ్చిన, లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోవడం వింతేమీ కాదు. అది మార్చి ఇస్తారా అంటే "ఉన్నదున్నట్టుగానే అండి" అన్నాడు. నిజాయితీకి మెచ్చుకున్నాను, చేతులు ఖాళీగా తిరిగొచ్చాను.

నిజానికి మొదట వెళ్లాల్సింది మూడో మజిలీకి. అది మరమ్మతులు చేసే ఒక పెద్దాయన గది. కుర్చీ కూడా సరిగా లేదు, సోల్డరింగ్ పొగ వాసన, బల్ల నిండా స్క్రూలు. ఆయన దగ్గర అమ్మకానికి ఏమీ లేదు. కొత్తది కొనేలోగా పాతది అమ్మకానికి పనికొస్తుందో లేదో చూపిద్దామని తీసుకెళ్లాను. ఆయన మూత విప్పి, రెండు ఛానెళ్ల నుంచి స్పీకర్లకు డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) కారుతోందా అని, వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూశారు. ఒకవైపు 12 మిల్లీవోల్టులు, మరోవైపు 9. చాలా తక్కువ. స్పీకర్‌ను కలిపే, విడదీసే రిలే మీటలోని స్పర్శలు తుడిచారు, వాల్యూమ్ కంట్రోల్ శుభ్రం చేశారు, చాలాసేపు వాయించి చూశారు.

"దీనికి జబ్బేమీ లేదండీ. మోయలేని బరువు మోయిస్తున్నారు మీరు" అన్నారు.

ఎంత బరువు అని అడిగాను. ఆయన నన్ను ఎదురడిగారు. మీ స్పీకర్ల సెన్సిటివిటీ ఎంత, అంటే ఇచ్చిన వోల్టులకు ఎంత శబ్దం చేస్తాయి? ఓమ్‌లు, అంటే కరెంటుకు అవి చూపే నిరోధం, ఎక్కడిదాకా పడతాయి? ఎంత దూరంలో కూర్చుంటారు? బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. అప్పటికి నెల రోజులుగా యాంప్లిఫయర్ల వివరాలన్నీ కంఠస్థం చేశాను గానీ, నా స్పీకర్ల వెనక అతికించిన కాగితం ఒక్కసారైనా చదవలేదు. ఆయన ఒక పాత బిల్లు వెనక పద్ధతి రాసిచ్చారు. తీసుకున్నది శుభ్రం చేసినందుకు మాత్రమే.

పద్ధతి ఇది. మీకు బాగా తెలిసిన, బాగా రికార్డు చేసిన పాట పెట్టండి. ఇంతకు మించి ఎప్పుడూ వినను అనుకునే చోటికి వాల్యూమ్ తీసుకెళ్లి, ఆ చోట గుర్తు పెట్టండి. ఇప్పుడు యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్ తీగలు రెండువైపులా ఊడదీయండి. పూర్తి స్థాయికి (రికార్డింగులో పట్టే అత్యధిక స్థాయికి) 12 డెసిబెల్స్ దిగువన రికార్డు చేసిన 60 హెర్ట్జ్ స్వరాన్ని, వాల్యూమ్ కదపకుండా, పాట వచ్చిన దారిలోనే వాయించండి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, స్పీకర్ తీగలు తగిలించే చోట కొలవండి. వచ్చిన అంకెను నాలుగుతో గుణించండి, ఎందుకంటే 12 డెసిబెల్స్ అంటే వోల్టుల్లో నాలుగు రెట్లు. రికార్డింగులోని అత్యున్నత క్షణానికి మీ యాంప్లిఫయర్ అందించాల్సిన వోల్టులు అవి. వాల్వు (గాజు గొట్టాలతో పనిచేసే) యాంప్లిఫయర్ ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు. స్పీకర్ లేకుండా దాన్ని నడిపితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు.

మా ఇంట్లో మీటరు 6 వోల్టులు చూపించింది. నాలుగుతో గుణిస్తే 24. నా 40 వాట్ల యాంప్లిఫయర్ 8 ఓమ్‌ల మీద ఎంత ఎగిరినా అందుకోగలిగేది 18 వోల్టుల లోపే. అంటే ఉచ్చస్థాయికి వచ్చిన ప్రతిసారీ తరంగం తల తెగిపోతోంది. గరుకెక్కిన వయొలిన్లు, అట్టపెట్టె డ్రమ్ము ఆ తెగిన తలలే. ఇలా తెగిన శబ్దంలో పై స్వరాల పాలు పెరిగిపోతుంది, ఎక్కువకాలం సాగితే పై స్వరాలు పలికే చిన్న స్పీకర్, ట్వీటర్, కాలిపోయే ప్రమాదమూ ఉంది.

ఆ తర్వాత స్పీకర్ వెనక కాగితం చదివాను. 2.83 వోల్టులకు మీటరు దూరంలో 86 డెసిబెల్స్. అదేమంత ఉదారమైన అంకె కాదు. పైగా మంద్రంలో ఒకచోట 4 ఓమ్‌లకు పడిపోతుందట. 24 వోల్టులను 8 ఓమ్‌ల మీద చూస్తే 72 వాట్లు, 4 ఓమ్‌ల మీద చూస్తే 144. వంద వాట్లన్న నా మొదటి ఊహ మరీ తప్పేమీ కాదు, కాకపోతే అది చీకట్లో విసిరిన రాయి. ఎందుకంటే నా జాబితాలో మొదటి స్థానంలో ఉన్నది 8 ఓమ్‌లకు 100 వాట్లు, 4 ఓమ్‌లకు 120 మాత్రమే ఇచ్చేది. 120 వాట్లంటే 4 ఓమ్‌ల మీద 22 వోల్టులైనా రావు. సరిగ్గా నాకు కావాల్సిన చోటే చేతులెత్తేసేది. ఆ లెక్కతో జాబితాలో సగం కొట్టేశాను.

నాలుగో మజిలీ మా ఇల్లే. ఒకటి తర్వాత ఒకటిగా మూడు యాంప్లిఫయర్లు వచ్చి బస చేశాయి.

మొదటి అతిథి స్నేహితుడు అరువిచ్చిన వాల్వు యాంప్లిఫయర్, 35 వాట్లది. లెక్కకు నిలవదని తెలుసు, ఆశ ఆగలేదు. దీపాలు ఆర్పి ఆ నారింజ రంగు వెలుగులో గాత్రం వింటే ఎంతటివాడికైనా మనసు కరుగుతుంది. తల తెగినా పాతదానిలా కర్కశంగా తెగలేదు. కానీ దాని అవుట్‌పుట్ నిరోధం 2 ఓమ్‌ల దాకా ఉంది. నా స్పీకర్ ఒక స్వరం దగ్గర 4 ఓమ్‌లు, ఇంకో స్వరం దగ్గర 20. అంతటి నిరోధం మధ్యలో ఉంటే ఈ రెండు చోట్ల మధ్య 2.7 డెసిబెల్స్ తేడా పడుతుంది. డబుల్ బేస్‌లో కొన్ని స్వరాలు ఉబ్బి, పక్కవి నీరసించాయి. వారం తర్వాత బరువైన మనసుతో, అంతకన్నా బరువైన పెట్టెతో తిరిగిచ్చేశాను. మళ్లీ అరువిస్తే మళ్లీ తెచ్చుకుంటాను, అది వేరే విషయం.

రెండోది క్లాస్ డి, కరెంటును వేగంగా వేస్తూ ఆపుతూ పనిచేసే రకం. అరచేతి మందాన పెట్టె, రోజంతా పాడినా గోరువెచ్చగానే ఉండేది. ఛానెల్‌కు 25 వాట్లిచ్చే క్లాస్ ఏ యాంప్లిఫయర్ పాట లేకపోయినా వంద వాట్లకు పైగా లాగుతుందంటే ఈ చల్లదనం విలువ తెలుస్తుంది. వోల్టులు కావాల్సినన్ని ఉన్నాయి, శబ్దంలో వంక పెట్టలేను. వంకంతా వాల్యూమ్‌లో. సీడీ ప్లేయర్లు మామూలుగా 2 వోల్టుల దాకా ఇస్తాయి, దీని వర్ధనం ఎక్కువ. రాత్రి మూడో మెట్టు మీద పెడితే గుసగుస, నాలుగో మెట్టు మీద ఇల్లంతా లేస్తుంది. రాత్రి వినేవాడికి ఇది చిన్న లోపం కాదు. ఆన్‌లైన్‌లో తెప్పించాను కాబట్టి తిరిగి పంపే వెసులుబాటు ఉంది. అట్టపెట్టె లోపలి నురగ ముక్కలతో సహా అడిగారు, డబ్బు మూడుసార్లు గుర్తుచేశాక వచ్చింది. పెట్టెలు దాచుకోండి.

మూడోదాన్ని ఒక చిన్న దుకాణదారు బయానా తీసుకుని వారం రోజులకు ఇచ్చాడు. సోఫా లేని దుకాణం. క్లాస్ ఏబీ అనే మామూలు రకం, 8 ఓమ్‌లకు 80 వాట్లు, 4 ఓమ్‌లకు 150. లెక్క కడితే రెండుచోట్లా 24 వోల్టులు దాటుతుంది, బొటాబొటీగానే అనుకోండి. వాల్యూమ్ మీద నేను పెట్టుకున్న గుర్తు ఎప్పటికీ దాటనిది కాబట్టి చాలనుకున్నాను. గ్రామఫోను రికార్డులకు కావాల్సిన ఫోనో భాగం అందులోనే ఉంది.

ఈసారి చెవిని నమ్మలేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, 1000 హెర్ట్జ్ స్వరానికి రెండూ 2.83 వోల్టులు ఇచ్చేలా, 0.03 వోల్టు తేడాకు మించకుండా సరిచేశాను. అంటే 0.1 డెసిబెల్. స్నేహితుడు నా వెనక కూర్చుని, నాకు చెప్పకుండా మార్చాడు. తక్కువ శబ్దంలో పదిసార్లకు ఆరుసార్లు సరిగా చెప్పాను. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. నా గుర్తు దగ్గర, ఆ వాద్యబృందం అందుకునే చోట, పదికి పది. మొదటి దెబ్బకే తెలిసిపోయింది, డ్రమ్ము తోలు వినబడింది.

బయానా సొమ్ము ధరలో కలిసిపోయింది. చెవి ఆనించి వింటే ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా రొద పెడుతుంది, కూర్చునే చోటికి రాదు. వయొలిన్లలో మిగిలిన కాస్త గరుకు కిటికీ అద్దానిదని తెర లాగాక తెలిసింది. పాతది అమ్మలేదు. పడకగదిలో 91 డెసిబెల్స్ స్పీకర్లకు తగిలించాను, మంచానికి రెండు మీటర్ల దూరం. అక్కడ మీటరు పెట్టి చూస్తే దానికి పడుతున్న బరువు 5 వోల్టులు.