దానంతట అదే రెన్యూ అయ్యే సర్టిఫికెట్: ఏళ్ల తరబడి వాడాక

సైటుకూ చూసేవాళ్ల బ్రౌజర్‌కూ మధ్య కనెక్షన్ సురక్షితంగా ఉండటానికి కావలసిన సర్టిఫికెట్‌ను ఇచ్చే సేవ లెట్స్ ఎన్‌క్రిప్ట్. దాని పేరు అనగానే అందరూ ముందు చెప్పే మాట, అది ఉచితమని. నేను ముందు రెన్యూవల్ గురించి చెబుతాను. గడువు దగ్గర పడగానే సర్వర్ తనంతట తానే వెళ్లి కొత్త సర్టిఫికెట్ తెచ్చుకుని పెట్టుకుంటుంది. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, ఎవరి మెయిల్ కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఇన్నేళ్లలో సర్వర్ మీద వాడినవాటిలో నాకు ఇంత సంతోషాన్నిచ్చింది ఇంకోటి లేదు. ఒక్కసారి మాత్రం అది ఆగిపోయింది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ సంగతే.

ముందు నా పరిస్థితి చెప్పాలి. మంగళగిరిలో మా అక్కాబావల చేనేత చీరల దుకాణం ఉంది. దాని సైటుతో పాటు బంధువులవి, తెలిసినవాళ్లవి మరికొన్ని చిన్న సైట్లు నేనే చూస్తుంటాను. అన్నీ ఒక వీపీఎస్ (హోస్టింగ్ కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న సర్వర్) మీద, ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్, పేజీలు అందించే ఇంజిన్‌ఎక్స్ అనే ప్రోగ్రామ్‌తో నడుస్తాయి. నా ఉద్యోగం వేరు. ఈ పని చేసేది రాత్రిళ్లు, ఆదివారాలు. కాబట్టి పని తగ్గించే ఏర్పాటు ఏదైనా నాకు అపురూపమే.

2015 డిసెంబర్‌లో ఇది అందరికీ అందుబాటులోకి రాకముందు, సర్టిఫికెట్ అంటే ఏడాదికోసారి వచ్చే తద్దినం. డబ్బు కట్టాలి, సర్వర్‌లో రిక్వెస్ట్ ఫైలు తయారు చేయాలి, దాన్ని అమ్మేవాళ్ల సైటులో అతికించాలి, డొమైన్ (సైటు పేరు) మెయిల్‌కు వచ్చిన లింకు నొక్కాలి, వాళ్లిచ్చిన ఫైళ్లను సరైన వరుసలో కలిపి పెట్టాలి. మళ్లీ ఏడాదికి ఇదంతా గుర్తుండదు. అందుకే చిన్న దుకాణాలవాళ్లు చాలామంది అసలు సర్టిఫికెట్ జోలికే వెళ్లేవారు కాదు. 2018 జులైలో క్రోమ్ సర్టిఫికెట్ లేని సైట్లన్నిటి పక్కనా సురక్షితం కాదని రాయడం మొదలుపెట్టాక అందరికీ హడావుడి పట్టుకుంది. నాకు తెలిసినవాళ్లలో సగం మంది అప్పుడే ఫోన్ చేశారు.

సర్టిఫికెట్ తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్‌ను ఎక్కించడం, డొమైన్ పేరు ఇవ్వడం లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను. కొత్త సైటు పెట్టేవాళ్లకు ఒక్క విషయం మాత్రం చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. సర్టిఫికెట్ జారీ కాగానే ఆ డొమైన్ పేరు అందరికీ కనిపించే లాగ్‌లలోకి (నమోదు పుస్తకాల్లాంటివి) వెళ్తుంది. సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అంటారు, నకిలీ సర్టిఫికెట్లను పట్టుకోవడానికి పెట్టిన మంచి ఏర్పాటు. కానీ ఆ లాగ్‌లను బాట్‌లు (తమంతట తామే తిరిగే ప్రోగ్రామ్‌లు) కూడా చదువుతుంటాయి. ఇంకా ఎవరికీ చెప్పని టెస్ట్ సైటుకు సర్టిఫికెట్ తీసుకున్న కాసేపటికే, లాగిన్ పేజీలు వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో రిక్వెస్టులు వస్తాయి. పాస్‌వర్డ్‌లు, అప్‌డేట్‌లు పూర్తిచేశాకే సర్టిఫికెట్ అడగండి.

ఇక అసలు సంగతి. ఈ సర్టిఫికెట్ గడువు 90 రోజులు. మొదట్లో ఇది చూసి చిరాకుపడినవాళ్లున్నారు. సర్టిఫికెట్‌తో పాటు సర్వర్‌లో ఉండే రహస్య తాళంచెవి దొంగతనానికి గురైనా నష్టం ఎక్కువకాలం సాగకూడదని, జనం చేత్తో చేయడం మాని ఆటోమేటిక్ పద్ధతికి మారాలని అలా పెట్టారు. సర్ట్‌బాట్ రోజుకు రెండుసార్లు లేచి చూస్తుంది. 30 రోజుల కంటే తక్కువ గడువు మిగిలితే కొత్తది అడుగుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్వర్లు పోర్టు 80 (వెబ్ సర్వర్‌కు వచ్చే మామూలు దారి) మీద మన సైటుకు వచ్చి, సర్ట్‌బాట్ పెట్టిన చిన్న ఫైలును చదివి, డొమైన్ మన చేతుల్లోనే ఉందని నిర్ధారించుకుంటాయి. కొత్తది వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. ఒకసారి పెట్టి మర్చిపోవచ్చని అడిగిన ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ణి.

2025 శ్రావణ మాసం. వరలక్ష్మీ వ్రతం ముందు రోజులు, దుకాణానికి ఏడాది మొత్తంలో మంచి సీజన్. రాత్రి అక్క ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, మన సైటు తెరిస్తే ఎర్ర త్రికోణం వస్తోందంటరా. హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి మీ సైటు ఎవరో హ్యాక్ చేశారమ్మా అంటోంది. కార్డు నంబరు ఇచ్చాను, నా డబ్బులు పోతాయా అని అడుగుతోంది."

హ్యాకింగ్ కాదు, సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. పైగా మా సైటుకు హెచ్‌ఎస్‌టీఎస్ పెట్టి ఉంది, అంటే సురక్షితమైన కనెక్షన్‌తో తప్ప తెరవొద్దని బ్రౌజర్‌కు ముందే చెప్పి ఉంచాం. భద్రత పరంగా అది మంచిదే, కానీ గడువు తీరితే పర్వాలేదు వెళ్తాను అనే దారి కూడా కస్టమర్‌కు ఉండదు. అప్పటికే డబ్బు కట్టినవాళ్ల గురించి పేమెంట్ గేట్‌వే నుంచి మా సర్వర్‌కు రావలసిన కబురు కూడా ఆగిపోయింది. డబ్బు వెళ్లింది, ఆర్డర్ మాత్రం నమోదు కాలేదు. ఆ రాత్రి అక్క ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ పడిన టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సర్ట్‌బాట్ లాగ్ తెరిస్తే, అది సుమారు నెల రోజులుగా రోజుకు రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ విఫలమవుతూ వచ్చింది. ప్రతిసారీ ఒకటే మాట: కనెక్ట్ అయ్యేలోపు టైమ్ అయిపోయింది, బహుశా ఫైర్‌వాల్ (వచ్చే ట్రాఫిక్‌ను వడపోసే ఏర్పాటు) సమస్య. నేను సర్వర్ మీద ఫైర్‌వాల్ చూశాను, పోర్టు 80 తెరిచే ఉంది. నా ఫోన్ నుంచి చూస్తే వస్తోంది. హోస్టింగ్ కంపెనీ చాట్‌లో అడిగితే, "ఇక్కడ నుంచి కూడా వస్తోంది సార్, మా వైపు ఏ సమస్యా లేదు" అన్నారు. మళ్లీ మళ్లీ ప్రయత్నించడానికీ లేదు. ఒక పేరు మీద గంటలో ఐదు విఫలాలు దాటితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కాసేపు ఆపేస్తుంది. డ్రై రన్ (ఉత్తుత్తి ప్రయత్నం) అయితే వాళ్ల టెస్ట్ సర్వర్‌కు వెళ్తుంది కాబట్టి ఆ పరిమితి అంత ఇరుకుగా ఉండదు. దాంతోనే నడిపించాను. అదే జవాబు.

మా పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది. మనకు రాత్రి అంటే అక్కడ పగలు. సైటు తెరిచి చూడమ్మా అంటే, "హెచ్చరిక కూడా రావట్లేదన్నయ్యా, తిరుగుతూనే ఉంది, అసలు తెరుచుకోవట్లేదు" అంది. విదేశాల నుంచి మా సైటుకు దారే లేదని అప్పుడు అర్థమైంది. మళ్లీ చాట్‌లో పట్టుబట్టి అడిగితే, చివరికి పై స్థాయి ఇంజనీరు ఒకాయన ఒప్పుకున్నాడు. బాట్ దాడులు పెరిగాయని జూన్‌లో తమ నెట్‌వర్క్ అంచున విదేశీ ట్రాఫిక్‌ను ఆపేశారట. మా ప్లాన్‌లో ఉన్నవాళ్లందరికీ. ఒక్క మెయిల్ కూడా పంపలేదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడి అమ్మలకు, అత్తగార్లకు చీరలు పంపించే ఆర్డర్లు తగ్గాయని బావ ఆ నెలంతా అంటూనే ఉన్నాడు. దానికీ కారణం ఇదే.

నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే. ఫైర్‌వాల్ పెట్టుకోవచ్చు, తప్పులేదు. చెప్పకుండా పెట్టకూడదు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు విదేశాల నుంచి వచ్చి తనిఖీ చేస్తారన్న సంగతి హోస్టింగ్ నడిపేవాళ్లకు తెలిసి ఉండాలి కదా!

సరే, ఆ తనిఖీ సర్వర్ల ఐపీ చిరునామాలకు మాత్రం దారి ఇవ్వమందామంటే అదీ కుదరదు. ఆ చిరునామాలు లెట్స్ ఎన్‌క్రిప్ట్ ప్రకటించదు, ఎప్పటికప్పుడు మారుస్తుంది కూడా. పైగా 2020 ఫిబ్రవరి నుంచి ఒక్క చోటు నుంచి కాకుండా ప్రపంచంలో వేర్వేరు చోట్ల నుంచి ఒకేసారి తనిఖీ చేస్తోంది. దానికి గట్టి కారణం ఉంది. ఇంటర్నెట్ దారిని ఒకచోట మళ్లించి, వేరేవాళ్ల డొమైన్‌కు సర్టిఫికెట్ కొట్టేయడం సాధ్యమే. అన్ని చోట్లా ఒకేసారి మళ్లించడం చాలా కష్టం. మమ్మల్ని ఆ రాత్రి ఇబ్బంది పెట్టిన ఆ కట్టుదిట్టమే మా అక్క దుకాణం పేరుతో మరొకడు సర్టిఫికెట్ తీసుకోకుండా కాపాడుతోంది. అందుకే ఆ నియమం మీద నాకు కోపం లేదు.

విదేశీ ట్రాఫిక్ తెరవడానికి రెండు పనిదినాలు పడుతుందన్నారు. సీజన్‌లో రెండు రోజులా? ఇక్కడే నేను ఊహించని మేలు జరిగింది. తనిఖీకి ఇంకో పద్ధతి ఉంది: సర్వర్‌కు రానక్కర్లేకుండా, డొమైన్ డీఎన్‌ఎస్‌లో (సైటు పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే పట్టికలో) వాళ్లిచ్చిన అక్షరాల వరుసను ఒక టీఎక్స్‌టీ రికార్డుగా, అంటే మామూలు అక్షరాల నమోదుగా, పెడితే చాలు. అన్ని సబ్‌డొమైన్లకూ కలిపి వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ కావాలంటే ఇదే దారని తెలుసు గానీ, మామూలు సైటుకు దీని అవసరం పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. మా డీఎన్‌ఎస్ హోస్టింగ్ కంపెనీ దగ్గర కాకుండా వేరేచోట ఉండటం కలిసొచ్చింది. రికార్డు పెట్టాను, అది అంతటా కనిపించేదాకా ఆగాను, ఎంటర్ నొక్కాను. సర్టిఫికెట్ వచ్చేసింది. ఇంజిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయగానే సైటు తెరుచుకుంది. అక్క గొంతులో ఊపిరి వచ్చింది.

చేత్తో రికార్డు పెట్టే ఆ పద్ధతి తనంతట తాను రెన్యూ కాదు. తర్వాత డీఎన్‌ఎస్ వాళ్ల ఏపీఐ కీతో (ప్రోగ్రామ్ తనే రికార్డులు మార్చేందుకు వాళ్లిచ్చే పాస్‌వర్డ్ లాంటిది) దాన్నీ ఆటోమేటిక్ చేశాను. ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది. ఆ కీ సర్వర్‌లో ఉంటుంది, అది దొంగ చేతికి చిక్కితే డొమైన్ మొత్తం వాడి చేతికి వెళ్లినట్టే. నేను తనిఖీ రికార్డు ఒక్కదాన్నీ సీనేమ్ అనే మళ్లింపు రికార్డుతో వేరే డొమైన్‌కు మళ్లించి, ఆ డొమైన్ కీ మాత్రమే సర్వర్‌లో ఉంచాను. కొంచెం పని, కానీ నిశ్చింత.

ఇంకో విషయం. ఇదివరకు గడువు దగ్గర పడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి హెచ్చరిక మెయిల్ వచ్చేది. 2025 జూన్ 4తో దాన్ని ఆపేశారు. ఖర్చు, కోట్ల మెయిల్ చిరునామాలు దాచుకోవడంలో ఉండే గోప్యత సమస్య వాళ్లు చెప్పిన కారణాల్లో ఉన్నాయి. ఇంటర్నెట్ సెక్యూరిటీ రీసెర్చ్ గ్రూప్ అనే లాభాపేక్ష లేని సంస్థ విరాళాలతో నడిపే సేవ కాబట్టి నేను కాదనలేను. కానీ ఒంటరిగా సైట్లు చూసుకునేవాడికి ఆ మెయిల్ పెద్ద అండ. ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్న ఒక చిన్న మెషీన్ నుంచి రోజూ ఒక స్క్రిప్టు నడుస్తుంది. డిస్కు మీద ఉన్న ఫైలును కాకుండా, సైటు నిజంగా చూపిస్తున్న సర్టిఫికెట్‌నే చదివి, గడువు 20 రోజుల లోపుకొస్తే నా ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. బయటి నుంచే చూడాలి. ఎందుకంటే ఫైలు కొత్తదై, ఇంజిన్‌ఎక్స్ రీలోడ్ కాక పాత సర్టిఫికెట్టే చూపిస్తూ ఉండే సందర్భం కూడా ఉంటుంది.

పెట్టి మర్చిపోవచ్చు అన్న నా పాత మాటకు ఇప్పుడు ఇంత కలుపుతున్నాను: పెట్టండి, చూసే ఏర్పాటు కూడా పెట్టండి, అప్పుడు మర్చిపోండి.

డబ్బు కట్టి ఏడాదికోసారి చేసుకుంటే ఈ బాధలుండవు కదా అని బావ అడిగాడు. ఆ దారి కూడా మూసుకుపోతోంది. బ్రౌజర్ల కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో చేసిన నిర్ణయం ప్రకారం, 2026 మార్చి 15 నుంచి ఎవరి దగ్గర కొన్నా గరిష్ఠ గడువు 200 రోజులే. 2029 మార్చికి అది 47 రోజులకు దిగుతుంది. అప్పుడు డబ్బు కట్టినవాళ్లకూ ఆటోమేటిక్ రెన్యూవల్ తప్పదు.

నాకు నచ్చింది కదా అని అందరికీ సరిపోతుందని అనను. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లు వాడేవాళ్లకు, ఆ ఫోన్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ను నమ్మేలా చేసిన పాత ఏర్పాటు గడువు 2024 సెప్టెంబర్ 30న ముగిశాక, మా సైటు క్రోమ్‌లో తెరుచుకోదు. ఫైర్‌ఫాక్స్ వేస్తే తెరుచుకుంటుంది. మాకు నేసే పెద్దవాళ్లలో ఒకరిద్దరి దగ్గర అలాంటి ఫోన్లున్నాయి, వాళ్లకు నేనే ఫైర్‌ఫాక్స్ వేసిచ్చాను. మీ కస్టమర్లలో అలాంటివాళ్లు ఎక్కువైతే ఆలోచించుకోండి. ఈ సర్టిఫికెట్ డొమైన్ ఎవరి చేతుల్లో ఉందో మాత్రమే చెబుతుంది. దుకాణం నిజమైనదా, మోసమా అన్నది చెప్పదు. మోసపు సైట్లకు కూడా ఇదే సర్టిఫికెట్ దొరుకుతుంది. ఆ నమ్మకం మా అక్క ఫోన్ ఎత్తి మాట్లాడటంతో రావలసిందే.

సొంత వీపీఎస్ ఉండి, కమాండ్లు టైప్ చేసే నల్ల స్క్రీన్ చూస్తే భయపడనివాళ్లు నిస్సందేహంగా తీసుకోవచ్చు. షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునేది) ఉన్నవాళ్లకు చాలాచోట్ల కంట్రోల్ ప్యానెలే ఈ పని చేసిపెడుతుంది, సర్ట్‌బాట్ జోలికి పోనక్కర్లేదు. ఏదైనా సరే, ఏడాది డబ్బు కట్టేముందు హోస్టింగ్‌వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. విదేశీ ట్రాఫిక్‌ను ఎప్పుడైనా ఆపుతారా, ఆపితే ముందు చెబుతారా? డీఎన్‌ఎస్ వేరేచోట పెట్టుకోనిస్తారా? రెండోదానికి కాదంటే నేనైతే ఆ కంపెనీకి వెళ్లను.