అమెరికాలో కొన్న మన ఫ్రోజెన్ రొయ్యలు: రుచి, ధర, సుంకం

డాలస్‌లోని ఒక సూపర్ మార్కెట్‌లో కొన్న ఈ ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్ మీద, ఇవి చెరువుల్లో పెంచినవనీ భారతదేశం నుంచి వచ్చాయనీ రాసి ఉంది. మన దేశంలో చెరువుల్లో ఎక్కువగా పెంచే రకమైన వనామీ రొయ్యల్లో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే పెరుగుతుంది కాబట్టి, ఇవి భీమవరం వైపు చెరువులవే కావచ్చు. పౌనుకు 31 నుంచి 40 తూగే సైజు. పొట్టు ఒలిచి, వీపు నరం తీసి, తోక మాత్రం ఉంచారు. చన్నీటిలో కరిగించాక రొయ్య మెత్తబడలేదు, నీచు వాసన రాలేదు. వేపుడులో నీరు మాత్రం కాస్త ఎక్కువే ఊరింది. ముందుగా పసుపు, ఉప్పు వేసి ఆ నీటిని ఇగరబెట్టుకోవడం మంచిది.

ధర గురించి వివరంగా చెప్పాలి. అమెరికా 2025 ఆగస్టు 7న భారత సరుకుల మీద 25 శాతం, అదే నెల 27న రష్యా చమురు కొనుగోలును కారణంగా చూపి మరో 25 శాతం సుంకం విధించింది. రొయ్యల మీద 2005 నుంచి ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (సరుకును మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది) దీనికి అదనం. అమెరికాకు రొయ్యలు అమ్మడంలో మనకు పోటీ అయిన ఈక్వెడార్ మీద అప్పుడు పడింది 15 శాతమే. సుంకం కట్టేది ఇక్కడి దిగుమతిదారే అయినా, అతను ఎగుమతిదారుకిచ్చే ధరలో కోత పెడతాడు, ఎగుమతిదారు చెరువు గట్టున కొనే ధరలో కోత పెడతాడు. మేతకూ కరెంటుకూ ముందే పెట్టుబడి పెట్టేసిన రైతుకు మాత్రం ఆ భారాన్ని దించుకునే చోటు లేదు. చమురు మీద ప్రభుత్వాల మధ్య తగాదాకు రొయ్యల రైతు నష్టపోవడం అన్యాయం.

నాణ్యతకు ఐదింటికి నాలుగు ఇస్తాను. పక్కనున్న ఈక్వెడార్ ప్యాకెట్ కొంత చౌకైనా, నేను మళ్లీ దీన్నే కొంటాను.