నాలుగు ఛానెళ్ల నానోవైర్ డిటెక్టర్: మా ల్యాబ్‌లో వాడి చూశాక

క్వాంటమ్ నెట్‌వర్క్ పని మొదలుపెట్టేవాళ్లకి నా మాట ఒక్కటే: ముందు ఒక్కో ఫోటాన్‌ని (కాంతి కణాన్ని) పట్టే మంచి డిటెక్టర్ కొనండి. మేం పాత అవలాంచ్ డిటెక్టర్లు (సెమీకండక్టర్ రకం) తీసేసి ఈ అతివాహక నానోవైర్ సిస్టమ్ పెట్టుకున్నాం, అంటే బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంట్ పారే సన్నటి తీగతో పనిచేసేది.

పాతవి ఫైబర్‌లో వాడే 1550 నానోమీటర్ల కాంతి దగ్గర నూటికి 20 ఫోటాన్లు పట్టేవి. దీనికి కంపెనీ చెప్పింది 85. మేం కొలిచినా దాదాపు అంతే వచ్చింది. నాలుగు రెట్లేగా అనుకోకండి. రెండు వైపుల నుంచి వచ్చిన ఫోటాన్లని మధ్యలో కలిపి ఎంటాంగిల్‌మెంట్ (రెండు కొసల మధ్య క్వాంటమ్ ముడి) చేయాలంటే రెండూ దొరకాలి. 0.2ని 0.2తో గుణిస్తే 4 శాతం, 0.85ని 0.85తో గుణిస్తే 72. అంటే 18 రెట్లు! రాత్రంతా నడిపితే గానీ రాని డేటా ఇప్పుడు గంట తిరక్కుండా వస్తోంది.

లోపల ఉండేది వంద నానోమీటర్ల వెడల్పున్న నియోబియం నైట్రైడ్ తీగ, పాములా మెలికలు తిరిగి. దాన్ని 2.5 కెల్విన్ దగ్గర (దాదాపు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్) ఉంచి, తట్టుకోగలిగిన దానికి కాస్త తక్కువగా కరెంట్ పంపుతారు, దీన్నే బయాస్ అంటారు. ఒక్క ఫోటాన్ పడితే చాలు, ఆ చోట అతివాహకత చెదిరి, స్కోప్ మీద పల్స్ నిటారుగా లేచి మెల్లగా దిగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఎవరైనా గదిలో లైటు వేసినప్పుడు ఫైబర్ కొస తెరిచి ఉంటే తీగ వేడెక్కి అలాగే ఉండిపోతుంది, కౌంట్ సున్నా. బయాస్ దించి మళ్లీ పెంచాలి. ఆ పని సాఫ్ట్‌వేర్ తనంతట తనే చేస్తుంది, చాలా హాయి. ఫైబర్‌ని చల్లని భాగంలో చిన్న చుట్టలుగా చుట్టి పెట్టారు. గది వేడి వల్ల పుట్టే పొడవాటి తరంగాలు ఆ వంపుల్లో బయటికి పోతాయి, డార్క్ కౌంట్స్ (మనం పంపిన ఫోటాన్ లేకుండానే నమోదయ్యే కౌంట్లు) తగ్గుతాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. చల్లబరిచే కంప్రెసర్ హోరు భరించలేం, పక్క గదిలో పెట్టాల్సి వచ్చింది. దానికి చల్లటి నీళ్ల లైను కావాలి. కరెంటు పోయి వేడెక్కిందా, మళ్లీ చల్లబడేసరికి తెల్లారుతుంది. అన్నిటికన్నా విసిగించేది ధ్రువణం, అంటే కాంతి తరంగం ఊగే దిశ. తీగ గీతలన్నీ ఒకే దిక్కున ఉంటాయి కాబట్టి, బయట వేసిన ఫైబర్‌లో ధ్రువణం కాస్త మారితే కౌంట్ పడిపోతుంది. దాన్ని సరిదిద్దే ప్యాడిళ్లు (ఫైబర్ చుట్టిన చిన్న పలకలు) తిప్పుతూ కూర్చోవాల్సిందే.

అతివాహక క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారం దాచే భాగాల) మీద పనిచేసేవాళ్లు ఒకటి గమనించండి. అవి వాడే 5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ ఫోటాన్‌ని ఇది పట్టలేదు, దాని శక్తి చాలదు. ముందు ట్రాన్స్‌డ్యూసర్‌తో కాంతిగా మార్చాలి. ఆ ట్రాన్స్‌డ్యూసర్ ఎంత నాయిస్ కలుపుతోందో తేల్చడానికి మాత్రం ఇంతకన్నా మంచి సాధనం నేను వాడలేదు.

కొనేముందు మీకిచ్చే ఛానెల్ తాలూకు గ్రాఫే అడగండి, బయాస్ పెరిగే కొద్దీ ఎఫిషియెన్సీ (నూటికి ఎన్ని ఫోటాన్లు పడుతుందో) ఎలా మారుతుందో చూపేది. పైన చదునుగా ఆగితే తీసుకోండి. చివరిదాకా ఎక్కుతూనే ఉంటే వేరే ఛానెల్ ఇమ్మనండి.