ఆరుబయట తీసిన ఫ్యామిలీ ఫొటో ఎవరికి చూపిస్తే మేలు: ఇంట్లోవాళ్లకా, తోటి ఫొటోగ్రాఫర్లకా?

తీసిన ఫొటో నలుగురికీ చూపించి మాట పడితేనే చెయ్యి తిరుగుతుంది. ఆ నలుగురూ ఎవరన్నదే ప్రశ్న. ఫొటోలో నిలబడ్డ ఇంటివాళ్లా, కెమెరా పట్టడం తెలిసినవాళ్లా?

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున ఏడింటికి తీసిన ఫొటో ఒకటి అనుకుందాం. వెనక సముద్రం. ముందు వరుసలో తాతయ్య, నానమ్మ, పిల్లలు. వెనక కొడుకులు, కోడళ్లు, ఓ అంచున మేనత్త. ఫొటో చూడగానే మేనత్త, "ఏరా, నన్నింత లావుగా తీశావేంటి?" అంటుంది. తాతయ్య "మొహాలు నల్లగా వచ్చాయిరా" అంటారు. మిగతావాళ్లంతా "సూపర్" అనేసి ఫోన్ పక్కవాళ్లకి అందిస్తారు.

అదే ఫొటో అనుభవమున్న ఫొటోగ్రాఫర్‌కి చూపించండి. మేనత్త ఫిర్యాదుకి కారణం అక్కడ దొరుకుతుంది. 24 ఎంఎం లాంటి వెడల్పుగా చూసే లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే ఫ్రేమ్ అంచున ఉన్నవాళ్లు అడ్డంగా సాగుతారు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి కాస్త ఇరుగ్గా చూసే 50 ఎంఎం లెన్స్‌తో తీస్తే ఆ తేడా చాలావరకు పోతుంది. తాతయ్య మాటకీ జవాబుంది. మనది తూర్పు తీరం, పొద్దున సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు. సముద్రాన్ని వెనక పెట్టుకుంటే వెలుగు వీపుల మీద పడి మొహాలు చీకటవుతాయి. మొహాలకి తగ్గట్టు ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుగు) పెంచాలి, లేదా వెలుగుని మొహాల మీదకి తిప్పే రిఫ్లెక్టర్ పట్టాలి. రెండూ కాదంటే సాయంత్రం రావాలి. అప్పుడు సూర్యుడు ఊరి వైపు దిగుతాడు కాబట్టి అదే సముద్రం వెనకున్నా మెత్తటి వెలుగు మొహాల మీదే ఉంటుంది.

మంచి విమర్శకుడు ఇంకో జాగ్రత్త కూడా చెబుతాడు. 50 ఎంఎంకి మారాక ఎఫ్/1.8 పెట్టొద్దని. ఎఫ్ పక్కన అంకె లెన్స్ రంధ్రం సైజు చెబుతుంది; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, ఫోకస్‌లో ఉండే లోతు తక్కువ. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 4 మీటర్ల దూరాన అప్పుడు ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 70 సెంటీమీటర్లే. ముందు వరుస మీద ఫోకస్ చేస్తే వెనక వరుసకి మిగిలేది అందులో సగం. ఎఫ్/5.6 పెడితే ఆ లోతు 2 మీటర్లు దాటుతుంది, రెండు వరుసలూ స్పష్టంగా వస్తాయి. "వెనకవాళ్లు మసకగా ఉన్నారు" అని ఇంట్లో ఎవరైనా గుర్తించవచ్చు. ఏ అంకె మార్చాలో మాత్రం వాళ్లు చెప్పలేరు.

అలాగని ఫొటోగ్రాఫర్ల మాటే వేదం కాదు. ఫ్రేముల్లో ఒకటి ఎంచమంటే చాలామంది హొరైజన్ (సముద్రం, ఆకాశం కలిసే గీత) వంగకుండా ఉన్నదీ, అందరి కళ్లూ తెరుచుకున్నదీ తీస్తారు. మనవడి అల్లరికి నానమ్మ పగలబడి నవ్విన ఫ్రేమ్ కాస్త షేక్ అయిందని పక్కన పెట్టేస్తారు. ఆ నవ్వు ఆవిడకి ఎంత అరుదో ఇంట్లోవాళ్లకే తెలుసు. పదేళ్ల తర్వాత వెతుక్కునేది ఆ ఫొటోనే. ఈ విషయంలో నేను పూర్తిగా ఇంటివాళ్ల పక్షం.

కాబట్టి తీసే పద్ధతి మెరుగుపడాలంటే నా ఓటు తోటి ఫొటోగ్రాఫర్లకి. ఏ ఫొటో ఉంచాలో తేల్చేది ఇంటివాళ్లు. ఎవరిని అడిగినా "ఎలా ఉంది?" అని మాత్రం అడగొద్దు, "బాగుంది" తప్ప ఏమీ రాదు. ఫొటోగ్రాఫర్‌కి ఎక్స్‌పోజర్ వివరాలతో సహా ఒరిజినల్ ఫైల్ పంపి, "వెలుగు గురించి ఒక్కటే చెప్పండి" అనండి. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పంపాలి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి, ఫొటోలో మసక లెన్స్ వల్ల వచ్చిందో, సైజు కుదించడం వల్ల వచ్చిందో తెలియదు. ఇంట్లో అయితే మూడు ఫ్రేములు 4×6 అంగుళాల ప్రింట్లు వేయించి బల్ల మీద పరచండి. "హాల్లో ఏది కట్టిద్దాం?" అని అడిగి ఊరుకోండి. చెయ్యి ముందుగా ఏ ప్రింట్ మీదకి వెళ్తుందో చూడండి.

మీరే ఇంకొకరి ఫొటో చూసి చెప్పాల్సి వస్తే కనబడిందీ, కారణమూ, తర్వాత చేయాల్సిందీ మూడూ చెప్పండి. "కళ్ల కింద నల్లటి నీడలున్నాయి, ఎండ నడినెత్తిన ఉంది, ఈసారి వేపచెట్టు నీడలోకి జరపండి, ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మొహాల మీద పడకుండా చూడండి." ఇలా చెబితే కొత్తగా నేర్చుకునేవాళ్లు మర్నాడే కెమెరా తీసుకుని ఆ చెట్టు కిందకి వెళ్లగలరు.